తెలుగులో ఆ జబ్బు లేదండి, ఆయ్!

కోనసీమలో గోదారికి వరద ఉంది, కొబ్బరికి తెల్లదోమ ఉంది. తెలివున్నా చదవడం దగ్గర తడబడే డిస్లెక్సియా మాత్రం లేదు. అమలాపురం నుంచి రాజోలు దాకా ఏ పేరెంట్స్ మీటింగులోనైనా అడగండి. "అది ఇంగ్లీషోళ్ల జబ్బండి. వాళ్లు రాసేదొకటి, పలికేదొకటి. మనం రాసినట్టే చదువుతాం కదండీ, ఆయ్! మావోడిది ఒట్టి బద్ధకం."

రాసినట్టే చదువుతామా? 'స్త్రీ' అని రాసి చూడండి. గుడిదీర్ఘం స నెత్తినెక్కి కూర్చుంటుంది. నోరు మాత్రం స దాటి, కింద త ఒత్తు దాటి, ర ఒత్తు కూడా దాటాకే దాన్ని పలకాలి. అక్షరాలు యాభై ఆరేనని చెప్పే పెద్దమనిషి గుణింతాలూ ఒత్తులూ లెక్కలోకి తీసుకోడు. అవి కలిస్తే వందలు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు చదువు నేర్చే తీరును పరిశీలించిన సోనాలీ నాగ్, ఈ అక్షరాలమీద పట్టు రావడం నాలుగో తరగతిలోనూ సాగుతూనే ఉంటుందని 2007లో రాశారు. మనవాళ్లకు మాత్రం ఒకటో తరగతి సంక్రాంతికల్లా "అన్నీ వచ్చేశాయండి".

ఎలా వచ్చాయో దగ్గరికెళ్లి చూడండి. క్లాసంతా కోరస్‌గా పాఠం చదువుతుంటుంది. వెనక బెంచీవాడి వేలు మూడో వరసలో ఉంటుంది, నోరు ఐదో వరసలో. పుస్తకం మూసేసినా వాడి చదువు ఆగదు. అదే పాఠంలోంచి ఒక్క మాట పలక మీద రాసివ్వండి, అది 'మ'నో 'య'నో తేలక మాస్టారి మొహంలోకి చూస్తాడు. వాడే నాన్నకి రావాల్సిన కొబ్బరి దింపు కూలీ, వలుపు కూలీ కాగితం లేకుండా నోటితో లెక్కగట్టేస్తాడు. ఇంత తెలివున్న బద్ధకస్తుడు ఎక్కడైనా ఉంటాడా?

ఇంగ్లండులో ఉన్నాడు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు పెర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. చదువంతా నోటితోనే చెబితే బడిలో వీడే ఫస్టు అని వాడి మాస్టారే ఒప్పుకున్నాడట. మరి అది ఇంగ్లీషు జబ్బే కదా అంటారా? 2001లో పౌలేసు అనే శాస్త్రవేత్త బృందం ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల డిస్లెక్సియా విద్యార్థుల మెదళ్లను స్కాన్ చేసింది. ఇటాలియన్ దాదాపు మన తెలుగులాగే రాసినట్టు చదివే భాష. ఇటలీవాళ్లు తప్పులు తక్కువే చేశారు. కానీ చదివేటప్పుడు మెదడు ఎడమవైపు మందగించిన చోటు మూడు దేశాలవాళ్లకీ ఒక్కటే. సులువైన లిపిలో జబ్బు పోదు, దాక్కుంటుంది. తప్పు తగ్గి నత్తనడక మిగులుతుంది. ఆ నడకకి మనం పెట్టుకున్న పేరే బద్ధకం.

ఇక వైద్యం. జ్ఞాపకశక్తి టానిక్కు, ట్యూషను, ఆపైన ఇంపోజిషను: రానిమాట వందసార్లు. చదవలేనివాడు దాన్ని వందసార్లు బొమ్మలా గీస్తాడు, అంతే. ఏటా పరీక్షల ముందు అయినవిల్లి విఘ్నేశ్వరుడి సన్నిధిలో లక్ష కలాలకు పూజచేసి పిల్లలకి పంచుతారు. శుభం. కానీ ఆ స్వామి భారతం రాయడానికి కూర్చున్నప్పుడు వ్యాసుడు పెట్టిన షరతు గుర్తుందా? అర్థం చేసుకోకుండా ఒక్క ముక్క రాయకూడదు. ఇంపోజిషను ఇచ్చే మాస్టార్లు ఆ షరతు వినలేదు కాబోలు.

పనికొచ్చే వైద్యం విసుగు పుట్టించేది: ఏ అక్షరానికి ఏ ధ్వనో విడదీసి, కలిపి, ఒక వరసలో, ఒక్కొక్కడి పక్కన కూర్చుని, నెలల తరబడి చెప్పడం. బెత్తమైతే నిమిషంలో పని అయిపోతుంది మరి!

అమ్మా, అయ్యా, ఈ లోపాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే రాశారు. పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనం, అవసరమైతే రాసిపెట్టే మనిషి అని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అందుకు సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి ఫీజు కట్టేరోజు దాకా ఆగకుండా, మూడో తరగతిలోనే హెడ్మాస్టారిని కలిసి పరీక్ష చేయించమని అడగండి.