23 సంపుటాలూ కొనేయండి

1960ల నాటి అమెరికా గ్యారేజ్ రాక్ సంకలనాలు సేకరించడానికి మన బొగ్గు గనుల ఊరు రామకృష్ణాపూర్‌ను మించిన చోటు లేదు. పోటీకి ఇంకొకడు రాడు.

1972లో లెన్నీ కే కూర్చిన ‘నగ్గెట్స్’తో మొదలుపెట్టమని తెలిసినవాళ్లు చెప్తారు. వినకండి. అందులో 27 పాటలు, చాలావరకు బాగుంటాయి. బాగున్నవాటిని ఎవరైనా కొంటారు. మీరు నేరుగా ‘హైస్ ఇన్ ది మిడ్ సిక్స్‌టీస్’ మీద పడండి. మిషిగన్‌కు వేరు, షికాగోకు వేరు, టెక్సాస్‌కైతే ఒకటి చాలలేదు, మొత్తం 23. ఒక్క రికార్డు వేయించుకుని చదువుకో, వియత్నాంకో వెళ్లిపోయిన కుర్రాళ్లే చాలామంది. అందరూ ఒక్కలాగే అరుస్తున్నారనిపిస్తే పైకి అనకండి. ‘ప్రాంతీయ శైలి’ అనండి.

దసరాకు లాభాల వాటా పడుతుంది, దీపావళికి బోనస్. ఫోన్‌కు మెసేజ్ వచ్చిన గంటలోపే ఆర్డర్ పెట్టేయాలి, సాయంత్రానికి ఇంట్లో తులం బంగారం మాట లేస్తుంది. పార్శిల్ బాయి మీది దోస్తు పేరున తెప్పించండి. ధర అడిగితే చివరి సున్నా తీసేసి చెప్పండి.

రికార్డులు నిలువుగా పెట్టాలంటారు. అన్నవాళ్లు మన క్వార్టర్లు చూడలేదు. సజ్జ మీద, పచ్చడి జాడీల పక్కన, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టండి. మే నెల 45 డిగ్రీలకు అంచులు మెత్తబడి గిన్నెలా లేస్తాయి. ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే ఆ గిటార్‌కు ఎన్నడూ లేని గమకాలు పలుకుతాయి. బొగ్గు దుమ్ము తుడవొద్దు. గాడిలో ఇరుక్కున్న నలుసు చుట్టుకోసారి, అంటే నిమిషానికి 33 సార్లు, టిక్కుమంటుంది. డ్రమ్మర్ తాళం తప్పినప్పుడు ఆదుకునేది అదే. ఓపెన్ కాస్ట్‌లో బ్లాస్టింగ్ వేళ చూసి పాట పెడితే ముల్లు ఎగిరి పక్క పాటలో పడుతుంది, రెండూ తొందరగా అయిపోతాయి. పక్క క్వార్టరాయన “అన్నా, మీ మోటర్ ఖరాబైనట్టుంది, జర సూడరాదే” అంటే తలుపు తీసి సౌండ్ పెంచండి.

మాటలు అర్థం కాకపోతే కంగారు వద్దు. కింగ్స్‌మెన్ 1963లో పాడిన ‘లూయీ లూయీ’లో బూతులున్నాయని ఫిర్యాదులొస్తే, ఎఫ్‌బీఐ అంతటిది రెండేళ్లకు పైగా కుస్తీ పట్టి, ఏమంటున్నాడో తెలియడం లేదని వదిలేసింది. కాబట్టి ఇంటికొచ్చినవాళ్లకు మీకు తోచిన అర్థం చెప్పండి, బల్లగుద్ది.

మన దేశంలో ఇలాంటివి లేవా అని అడుగుతారు. ఉన్నాయి. ఇంపీరియల్ టుబాకో తన సిమ్లా సిగరెట్ల ప్రచారానికి నడిపిన పోటీల నుంచి 1970, 1971లలో ‘సిమ్లా బీట్’ ఎల్పీలు వచ్చాయి. మద్రాసు నుంచి కన్‌ఫ్యూజన్స్, కలకత్తా నుంచి గ్రేట్ బేర్, షిల్లాంగ్ నుంచి ఫెంటోన్స్. తర్వాత విదేశాల్లో మళ్లీ వేశారు, పాటలు అవే. అది కొనకండి. దొరికేదాన్ని కొంటే మిమ్మల్ని సేకర్త అనరు, గిరాకీ అంటారు.

ఇన్ని వచ్చాక సజ్జ చాలదు. మీ నాన్న క్యాసెట్ల డబ్బా దించేయండి. జననాట్యమండలి పాటలు, గూడ అంజయ్య పాటలు, షాపులో చీటీ రాసిచ్చి రికార్డు చేయించుకున్నవి, అట్ట మీద నీలం పెన్నుతో పాటల వరస, ఒకచోట కొట్టివేత. అంజయ్య పుట్టిన లింగాపురం మన దండేపల్లి మండలంలోనే ఉంది. బస్సెక్కితే చేరే ఊరి పాటకు సేకరణ విలువ ఏముంటుంది? పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేసేయండి. రేపు టెక్సాస్‌లో ఎవడో వాటికోసం వెతికాడంటే, అది వాడి ప్రాంతీయ శైలి.