కార్డు పద్యానికి కొండాపురీయ వ్యాఖ్య

అవతారిక

మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్యనూ, కిరాతార్జునీయానికి ఘంటాపథాన్నీ రాసిన ఆ మహానుభావుడు, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది పలకననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. హైదరాబాద్ కొండాపూర్ వ్యాఖ్యాతకు అంత ధైర్యం లేదు. ఇక్కడి మూలగ్రంథాలు బ్యాంకులవాళ్లు కార్డుతోపాటు కవరులో పెట్టి పంపే నిబంధనల చిట్టాలు. వాటిలో ఉన్నది ఎవరూ చదవరు. లేనిది ఆఫీసు క్యాంటీన్‌లో అందరూ వివరిస్తారు. ఆ వివరణలన్నీ వడగట్టగా తేలినదే ఈ చాటువు.

కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం ఊహించవచ్చు. ఇక్కడి కొత్తగూడ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగినప్పుడు ఆశువుగా వచ్చిన పద్యమని ప్రతీతి. 2023 జనవరి 1న అక్కడ ఫ్లైఓవర్ తెరిచారు. నాలుగు పాదాలూ పూర్తయ్యేంత తీరిక దొరికింది కనుక రచన అంతకు ముందటిదని పెద్దల నిర్ణయం.

మూలం

కార్డు గీకగ రాలెడి కణములన్ని
పైకమడిగిన ముప్పది పైసలగును
గగనమార్గము కోరిన కనకమగును
బ్యాంకు మాట మార్చకమున్నె పయనమగుము

ప్రతిపదార్థం

కార్డు = క్రెడిట్ కార్డును; గీకగన్ = యంత్రముపై రాయగా; రాలెడి = ఒక్కటొక్కటిగా పడునట్టి; కణములు + అన్ని = రివార్డు పాయింట్లన్నియు; పైకము + అడిగినన్ = రొక్కముగా ఇమ్మనినచో; ముప్పది పైసలు + అగును = రూపాయిలో పదింట మూడు పాళ్లకు దిగును; గగనమార్గమున్ = విమానయానమును; కోరినన్ = కోరుకొనినచో; కనకము + అగును = బంగారమగును; బ్యాంకు = కార్డునిచ్చినది; మాట = తానిచ్చిన వాక్కును; మార్చక + మున్నె = మార్చుటకు పూర్వమే; పయనము + అగుము = బయలుదేరుము.

తాత్పర్యం

పాయింట్లను రొక్కం చేసుకుంటే చిల్లర, టికెట్టు చేసుకుంటే లాభం, దాచుకుంటే నష్టం. బడిలో అయితే ఇంతటితో సరి, మార్కులు పడతాయి. వ్యాఖ్యాతకు ఇక్కడే పని మొదలు.

విశేషాంశాలు

"కార్డు గీకగ" – శంక: ఇప్పుడు గీకేవాడెవడు? తాకించేవాళ్లే అందరూ. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించి టీకొట్టు దగ్గర స్కాన్ కూడా చేస్తున్నారు. సమాధానం: గీకుట రూఢి. పైగా కవి చరిత్ర తెలిసినవాడు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో క్రెడిట్ కార్డు తెచ్చిన తొలి బ్యాంకుల్లో ఒకటి. తెచ్చిన ఏడు 1981. అదే 1981లో, మే 1న, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తన ప్రయాణికులకు మైళ్లు లెక్కగట్టి ఉచిత టికెట్టు ఇచ్చే అడ్వాంటేజ్ పథకం మొదలుపెట్టింది. ఒకటి బందరు సంతానం, ఒకటి అమెరికా సంతానం. ఆ రెంటికీ పెళ్లయి కాపురం పెట్టిన చోటు సైబరాబాద్. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కాపురం సాగుతూనే ఉంది.

ఏది గీకితే కణాలు రాలవో కవి చెప్పలేదు. పెట్రోలు, వాలెట్ నింపడం, అద్దె – వీటికి చాలా కార్డులు సున్న చుడతాయి. అద్దెది పెద్ద కథ. టూబీహెచ్‌కే అద్దెను యాప్‌లో కార్డు మీద కట్టి పాయింట్లు పోగేయడం ఒకప్పుడు ఈ ప్రాంతపు కుటీర పరిశ్రమ. బ్యాంకులు పాయింట్లు తీసేశాయి, ఒక శాతం రుసుమూ వేశాయి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్ల నియమాలు బిగించేసరికి ఫోన్‌పే, క్రెడ్ వంటి యాప్‌లు ఆ సేవనే మానుకున్నాయి. మిగిలిన ఉపాయం ఒక్కటే. టీమ్ అంతా కలిసి బిర్యానీ తిన్నాక, బిల్లు రాగానే ఒకడు మెరుపులా లేచి, "బ్రో, నా కార్డు మీద వేసేస్తా, మీరు జీపే చేసేయండి" అంటాడు. అది ఔదార్యం కాదు, పద్యంలో మొదటి పాదం.

"కణములన్ని" – ఒక్కో ఖర్చుకు ఎన్ని కణాలు? హెచ్‌డీఎఫ్‌సీవారి ఇన్ఫీనియా కార్డునే తీసుకుందాం, ఈ పద్యం దానికి అంగుళం కూడా తేడా లేకుండా సరిపోతుంది. 150 రూపాయలకు 5 పాయింట్లు. 149కి సున్న. అందుకే ఇక్కడివాళ్లు ఒక్కోసారి అక్కరలేని చాక్లెట్టు కూడా బుట్టలో వేసుకుంటారు. దీన్ని పొదుపు అంటారు.

"పైకమడిగిన ముప్పది పైసలగును" – ఆ కార్డు మీద ఒక్క బిల్లుగా లక్ష గీకితే రాలేవి 3,330 పాయింట్లు. వాటిని స్టేట్‌మెంట్‌లో రొక్కంగా తగ్గించుకుంటే పాయింటుకు 30 పైసలు, అంటే 999 రూపాయలు. అదే బ్యాంకు పోర్టల్‌లో విమానం టికెట్టు కొంటే పాయింటుకు రూపాయి, అంటే 3,330. పాయింటు అదే, బ్యాంకు అదే, తలుపు వేరు. టికెట్టు ధరలో 70 శాతం దాకానే పాయింట్లతో కట్టనిస్తారు, మిగతాది జేబులోంచి. కవి ఈ మాట దాచాడు. ఛందస్సు చాలకనే అని సరిపెట్టుకుందాం.

ఇక్కడ మియాపురీయులకూ కొండాపురీయులకూ మతభేదం ఉంది. మియాపురీయులు మియాపూర్‌లో ఫ్లాటు కొని ఈఎమ్ఐ కట్టేవాళ్లు. వాళ్ల పూర్వపక్షం: "ఎగిరేదెప్పుడో, వచ్చేదెప్పుడో. ముందు ఈ నెల బిల్లులో వెయ్యి తగ్గితే చాలు." కొండాపురీయులు నవ్వుతారు కానీ, ఎక్కడికీ వెళ్లనివాడికి మియాపుర సిద్ధాంతమే సరైనది, వెళ్లనివాడి చేతిలో రూపాయి పాయింటు కన్నా 30 పైసలు ఎక్కువ. మరీ సూటిగా వాళ్లకు కావలసింది పాయింట్ల కార్డే కాదు, తిన్నగా క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డు. ఈ మాట ఒప్పుకోవడానికి కొండాపురీయులకు అహం అడ్డొస్తుంది.

"గగనమార్గము" – మార్గాలు రెండు. మొదటిది రాజమార్గం: బ్యాంకు పోర్టల్‌లో ఇంత పాయింటుకు ఇంత అని టికెట్టు కొనడం. ఎక్కడా అనుమానం లేదు, అద్భుతమూ లేదు. రెండోది అడవిదారి: పాయింట్లను విమానసంస్థ మైళ్లుగా మార్చుకుని, ఆ మైళ్లతో సీటు పట్టడం. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ వంటి ఖాతాలోకి పంపి, వాళ్ల మైళ్ల పట్టిక చూసి, ఖాళీ సీటు వెతికి, పన్నులు విడిగా కట్టి పొందాలి. పులి ఎదురుకావచ్చు, నిధీ దొరకవచ్చు.

అడవిదారిలో ఒకే ఒక్క నియమం, దాన్ని తప్పినవాడికి ప్రాయశ్చిత్తం లేదు: ముందు సీటు చూడు, తర్వాత పాయింటు పంపు. విమానంలో మైళ్లకు కేటాయించే సీట్లు కొన్నే. ఒకసారి బ్యాంకు నుంచి విమానసంస్థకు దాటిన పాయింటు మళ్లీ వెనక్కి రాదు. సీటు దొరకక, బ్యాంకుకు తిరిగి పోలేక మధ్యలో వేలాడే మైళ్లను చూస్తే త్రిశంకుడు గుర్తొస్తాడు. తేడా ఏమంటే త్రిశంకుడి స్వర్గానికి గడువు లేదు. క్రిస్‌ఫ్లయర్ మైలుకు 36 నెలలు.

మరొక శంక: హోటలు గది గగనమార్గమా? సమాధానం: లక్షణావృత్తి చేత అవును. 'గంగలో గొల్లపల్లె' అంటే గంగ ఒడ్డున పల్లె అని ఆలంకారికులు చెప్పారు కదా. అలాగే గగనమార్గం అంటే ఆ మార్గం దిగిన ఊళ్లో హోటలు అని కూడా. మ్యారియట్, అకార్ వంటి హోటళ్ల ఖాతాలకు పాయింట్లు పంపేవాళ్లు ఈ లక్షణ మీదే బతుకుతున్నారు.

"కనకమగును" – అతిశయోక్తి అలంకారం. ఎంత అతిశయమో కొలవడానికి సూత్రం: టికెట్టు మామూలు ధరలోంచి చేత్తో కట్టిన పన్నులు తీసేసి, మిగిలినదాన్ని వాడిన మైళ్లతో భాగించాలి. ఢిల్లీ టికెట్టు 7,500, కట్టిన పన్నులు 900, వాడినవి 6,000 మైళ్లు అనుకుందాం. 6,600ను 6,000తో భాగిస్తే మైలుకు రూపాయి పది పైసలు. పాయింటుకు మైలు చొప్పున మారి ఉంటే, పోర్టల్‌లో వచ్చే రూపాయి కన్నా పది పైసలు మేలు. అడవిలో తిరిగిన కూలీ గిట్టిందో లేదో ఎవరికి వారు చూసుకోవాలి.

బిజినెస్ క్లాసు దగ్గర ఈ సూత్రం మనిషిని పాడుచేస్తుంది. రెండు లక్షల టికెట్టును మైళ్లతో కొని "మైలుకు నాలుగు రూపాయలు లాగాను" అని వాట్సాప్‌లో పెట్టేవాణ్ని నిలదీయాలి: "తమ్ముడూ, నీ డబ్బే అయితే ఆ టికెట్టు కొనేవాడివా?" కొనేవాడు కాదు. ఎకానమీలో ముప్పైవేలకు వెళ్లేవాడు. అప్పుడు ఆ మైళ్ల విలువ కట్టాల్సింది ముప్పైవేల మీద, మిగతాది కాళ్లు చాపుకున్న సుఖం. సుఖం తప్పు కాదు. దాన్ని లాభం ఖాతాలో రాయడమే తప్పు.

బిల్లు పూర్తిగా కట్టనివాడికి ఈ పాదం వర్తించదు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం పైచిలుకు, దానిమీద 18 శాతం జీఎస్టీ. అలాంటి కార్డు మీద లక్ష గీకి, ఆ లక్షను ఒక్క నెల వాయిదా వేస్తే కనకం కరిగి కంచు కూడా మిగలదు. ఈ విషయంలో కొండాపురీయులూ మియాపురీయులూ పిల్లనిచ్చిన మామగార్లూ ఏకగ్రీవం.

"బ్యాంకు మాట మార్చకమున్నె" – పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది. మొదటి మూడు పాదాలు లెక్కలు, ఇది జ్ఞానం.

2023 ఆగస్టు దాకా యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు మీద నెలకు లక్ష గీకితే, 200కు 12 చొప్పున 6,000, లక్ష దాటించినందుకు మరో 25,000, వెరసి 31,000 పాయింట్లు. ఐదు పాయింట్లకు నాలుగు మైళ్లు. అంటే 24,800 మైళ్లు. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల మాగ్నస్ మాట ఎత్తకుండా ఎవరి పుట్టినరోజూ గడవలేదు. సెప్టెంబరు 1న ఆ 25,000 పోయింది. ఐదుకు నాలుగు కాస్తా ఐదుకు రెండు అయింది. అదే లక్షకు 2,400 మైళ్లు. ఏడాది రుసుము మాత్రం 10,000 నుంచి 12,500కు ఎక్కింది. పోగేసుకుని కూర్చున్నవాళ్లకు పాయింట్లు అంకె తగ్గకుండానే సగమయ్యాయి. అదే దీనిలో చిత్రం. ఖాతా తెరిచి చూస్తే నిన్నటి సంఖ్యే కనిపిస్తుంది.

విమానసంస్థల సంగతీ ఇంతే. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు క్లబ్ విస్తారా పాయింట్లు మహారాజా క్లబ్‌కు మారాయి. సంఖ్య చెడలేదు, కానీ ఏ పట్టిక చూసి దాచుకున్నారో ఆ పట్టిక లేదు.

ఇక్కడ స్థలనిర్ణయం గురించి చిన్న చర్చ అవసరం. సంగారెడ్డి జిల్లాలో మరో కొండాపూర్ ఉంది. 1940ల మొదట్లో హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖవారు అక్కడి దిబ్బలు తవ్వితే సాతవాహన నాణేలు ఎన్నో, నాణేలు పోసే మూసలతో సహా బయటపడ్డాయి. అది టంకశాల ఊరని పండితుల అభిప్రాయం. పద్యం ఆ కొండాపూర్‌ది కాదని నా వాదన. సీసపు నాణెం సాతవాహనుడి మాట పోయినా సీసంగానైనా నిలిచింది, మ్యూజియంలో అద్దం వెనక ఉంది. ఐదుకు నాలుగు అన్న మాట ఏ దిబ్బ తవ్వినా దొరకదు. నాణెం చేతిలో ఉన్నవాడు "మార్చకమున్నె" అని తొందరపడడు.

ఈ పాదంలో అలంకారం స్వభావోక్తి. బ్యాంకు స్వభావాన్ని ఉన్నదున్నట్టు చెప్పడమే గనుక.

ఛందస్సు తేటగీతి. నాలుగో పాదంలో 'బ్యా'కూ 'ప'కూ యతి కుదిరిందా అని అడిగేవాళ్లకు: కుదిరింది, ఒకే వర్గం. బ్యాంకుకూ పయనానికీ మైత్రి ఛందశ్శాస్త్రంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు కాబట్టి కవిని అభినందించాలి.

పాఠాంతరం: "పయనమగుము" అన్నచోట కొందరు "పప్పుకొనుము" అని చదువుతారు. సూపర్‌మార్కెట్ వోచర్ల పక్షం వాళ్లది. గణాలు సరిపోతాయి, యతీ చెల్లుతుంది. వోచర్ల మీద పాయింటు విలువ టికెట్టు విలువలో సగానికి అటూఇటూ పడుతుంది కనుక ఛందస్సు చెడకపోయినా అర్థం చెడుతుంది. ఈ పాఠం త్యాజ్యం.

"పయనమగుము" – ఏకవచనం. ఇది కవి దూరదృష్టి. మైళ్ల మీద ఒక సీటు దొరుకుతుంది, అదృష్టముంటే రెండు. దసరా సెలవుల్లో నలుగురికి పక్కపక్కన దొరకడం పురాణాల్లోనే. కొండాపురవాసుల్లో అధికుల అసలు పయనం సంక్రాంతికి, పంతంగి టోల్‌గేటు క్యూలోంచి విజయవాడ వైపు. గగనమార్గం వారికి కనకమయ్యేది సరిగ్గా ఆ వారమే, టికెట్టు ధర చుక్కలంటినప్పుడే. మైళ్ల సీట్లు కనపడనిదీ ఆ వారమే. అందుచేత రాజమార్గంలో, నెలల ముందు, పాయింటుకు రూపాయి లెక్కన రాజమండ్రి టికెట్టు కొని ఊరుకున్నవాణ్ని వ్యాఖ్యాత తక్కువగా చూడడు.

ఇది కొండాపురీయ వ్యాఖ్యయందు ప్రథమ పద్యము. రెండవ పద్యము శంషాబాద్ లౌంజి ప్రవేశము. కార్డు మీద రెండు రూపాయలు గీకి లోనికేగిన నాయకుడు ఇడ్లీలను, పాయసమును, మూడు మాసముల్లో లక్ష ఖర్చు చూపలేక ద్వారము వద్ద నిలిచిన సహోద్యోగిని వర్ణించును గనుక దానికి వ్యాఖ్య వేరుగా వ్రాయబడును.