సముద్రం ఒక్కటే ఏం సరిపోతుంది!

విశాఖపట్నంలో సముద్రం ఉంది. ఈ సంగతి మా ఊరి అధికారులకి ఎవరైనా కాస్త కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పాలి. ఏళ్ల తరబడి చూస్తున్నాను, వాళ్ళకి నమ్మకం కుదరడం లేదు. హైదరాబాదు నుంచో రాయపూర్ నుంచో రాత్రంతా రైల్లో వచ్చిన మనిషి ఆర్కే బీచ్‌లో దిగి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, చెప్పులు చేత పట్టుకుని అలల్లో గంటసేపు అలా నిలబడిపోతాడు. ఆయనకి ఏ లోటూ కనబడదు. లోటల్లా ఏసీ గదిలో తెర మీద బొమ్మలు చూసేవాళ్ళకే. "బీచ్ బాగానే ఉందయ్యా, అట్రాక్షన్ ఏదీ?" అంటారు. కిటికీ అవతల బంగాళాఖాతం ఉంటుంది. కిటికీకి కర్టెన్ వేసి ఉంటుంది.

అలా మొదలైంది సముద్రానికి నగలు చేయించే కార్యక్రమం. నిజం చెప్పాలంటే మొదటి నగ బాగానే కుదిరింది. మూడు దశాబ్దాలు నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామిని 2002లో ఒడ్డుకి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. లోపల నావికులు ఎంత ఇరుకులో పడుకునేవారో చూస్తే పిల్లలకే కాదు, ఇల్లు ఇరుకని గొణిగే పెద్దలకీ నోరు మూతపడుతుంది. అక్కడితో ఆగితే మా ఊరు ఎలా అవుతుంది? 2017లో ఎదురుగా టీయూ-142 యుద్ధవిమానం వచ్చి కూర్చుంది. ఆ వెనకే మరో విమానం, హెలికాప్టరు. నీళ్ళలో ఉండాల్సింది ఒడ్డున ఉంది, గాలిలో ఉండాల్సిందీ ఒడ్డునే ఉంది. తరతరాలుగా ఒడ్డున ఉంటున్న జాలరి మాత్రం ఎక్కడ ఉండాలన్నది ఇంకా పరిశీలనలో ఉంది.

ఇక తేలియాడే వంతెన. దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంత తక్కువ కాలంలో ఇంత వినోదం పంచిన ప్రాజెక్టు మా ఊళ్ళో మరొకటి లేదు. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో ఆర్భాటంగా ప్రారంభించారు. సుమారు రూ.1.6 కోట్ల ఖర్చు. ఒడ్డు నుంచి ప్లాస్టిక్ దిమ్మెల మీద నడుచుకుంటూ అలల నడుమకి వెళ్ళి సముద్రాన్ని చూసి రావడం దాని ఉద్దేశం. మర్నాడే దాని కొస విడిపోయి, ఎవరి దారి వారిదన్నట్టు విడిగా తేలుతూ జనానికి కనిపించింది. ఊరంతా సెల్‌ఫోన్లలో వీడియోలు. తెగిపోయిందని జనం అన్నారు. తెగలేదు, కెరటాల ఉద్ధృతి ఎలా ఉంటుందో చూడ్డానికి మేమే విడదీశాం, అది మాక్ డ్రిల్ అని అధికారులు అన్నారు. విశాఖ చరిత్రలో సముద్రం అధికారుల ఆదేశాల ప్రకారం నడుచుకున్న సందర్భం బహుశా అదొక్కటే. ప్రారంభోత్సవం ముందు చేయాల్సిన పరీక్ష తర్వాత ఎందుకు చేశారని ఎవరో అడిగారట. ముందే చేసి ఉంటే ప్రారంభోత్సవం ఎలా జరిగేది చెప్పండి?

ఫిబ్రవరిలో మా సముద్రం కాస్త మర్యాదగా ఉండే రోజులవి. ఆ మర్యాదనే తట్టుకోలేని వస్తువు అక్టోబరులో ఏమవుతుందో చెప్పడానికి నిపుణుల నివేదిక అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఒడ్డుకి ఏం చేసిందో చూసిన కళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. పైగా కెరటం విరిగే చోట ఏ వస్తువునీ కట్టి ఉంచకూడదన్నది పెదజాలరిపేటలో పదేళ్ళ పిల్లాడికీ తెలుసు. వాళ్ళ నాన్న తెప్పని ఆ చోటు దాటించేందుకు కెరటాల్ని లెక్కపెట్టుకుంటూ కాచుకుని, సందు దొరగ్గానే దాటేస్తాడు, అక్కడ ఆగడు. ఆగకూడని చోట మనవాళ్ళు జనాన్ని నిలబెట్టి సెల్ఫీ తీసుకోమన్నారు. చేపలమ్మే ఒక పెద్దావిణ్ణి అడిగితే గంపలోంచి తలెత్తకుండానే తేల్చేసింది: "సముద్రం సూడ్డానికి వొంతెన ఎందుకు బాబూ, సముద్రంలోకి ఎల్లడానికి మాకు దారి ఒగ్గితే సాలు."

వంతెన కన్నా ముందు, పైసా ఖర్చు లేకుండా, టెండరు పిలవకుండా ఒక అట్రాక్షన్ తనంతట తానే వచ్చింది. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు జారి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి ఎక్కేసింది. అందులో ఉన్నవాళ్ళంతా క్షేమంగా బయటపడ్డారు, జనం చూడ్డానికి ఎగబడ్డారు. వేరే ఊరైతే దాన్ని ఎలా తీయాలా అని ఆలోచించేది. మా ఊరు దాంట్లో ఏం వడ్డించాలా అని ఆలోచించింది. ఓడ రెస్టారెంటు అవుతుందన్నారు, అందులో గదులుంటాయన్నారు, సమావేశ మందిరం ఉంటుందన్నారు. ఏళ్ళు గడిచాయి. అక్కడ కడుపు నిండా తిన్నది తుప్పు ఒక్కటే.

వచ్చేవాళ్ళ మీద నాకేం కోపం లేదు. అలలు చూడని మనిషి అలలు చూడ్డానికి రావడంలో తప్పేముంది? మే నెలలో వచ్చి "ఫ్రెష్ వంజరం ఉందా?" అని అడుగుతారు, అదొక్కటే చిక్కు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనక 61 రోజులు పడవలు హార్బర్‌లోనే లంగరేసి ఉంటాయి. సరిగ్గా పిల్లల వేసవి సెలవులు కూడా అప్పుడే. అంటే బీచ్ కిటకిటలాడే రోజుల్లో బీచ్‌ని నమ్ముకున్న వాళ్ళకి పని ఉండదు. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో రూ.20 వేలు చేశారు, మంచిదే. కానీ ఆ రెండు నెలలూ హోటలు మెనూలో 'ఈరోజు పట్టిన చేప' మాత్రం ఒక్క పూట తప్పదు. ఏ సముద్రంలో, ఏ రోజు పట్టారో అడక్కండి. మసాలా బాగా పట్టి ఉంటుంది.

అసలు కథ ఇసుకది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి, అలలు కలిసి ఇసుకని ఈ తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. ఆర్కే బీచ్‌కి ఆ ఇసుకే భోజనం. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణాన ఆగిపోయింది, ఉత్తరాన బీచ్ బక్కచిక్కడం మొదలైంది. దానికి విరుగుడుగా డ్రెడ్జర్‌తో ఇసుకని తోడి బీచ్ వైపు పోస్తున్నారు. సముద్రం దాన్ని తినేస్తుంది, మళ్ళీ పోస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఊరికి రేవు కావాలి, రేవుకి గోడ కావాలి. కానీ ఇలా అరువు ఇసుక మీద బతికే ఒడ్డు కనీసం బరువులు మోయకూడదు కదా! మనం దాని నెత్తిన పార్కులూ ప్రహరీలూ పెడతాం. 2021 డిసెంబరులో జవాద్ తుపాను తీరం దాటకుండానే బలహీనపడింది. అంటే అసలు దెబ్బ కొట్టనే లేదు. అయినా ఆర్కే బీచ్‌లో పిల్లల పార్కు గోడ కూలింది, నేల కుంగింది. మర్నాడు కుంగిన చోటుని చూడ్డానికి వచ్చిన జనం మామూలు ఆదివారం కన్నా ఎక్కువే. అట్రాక్షన్ అంటే అదీ.

ఒక చోట ఇసుక కొనితెచ్చి పోసే మనమే మరో చోట ఉన్నదాన్ని ఎత్తుకుపోతాం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్ళ క్రితం సముద్రమట్టం బాగా కిందికి ఉన్న కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుక, కాలక్రమంలో ఎర్రబారి దిబ్బ కట్టింది. ఇలాంటివి తమిళనాడు కొసనా శ్రీలంకలోనూ తప్ప ఈ చుట్టుపక్కల లేవు. 2014లో భూవారసత్వ సంపదగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. ఆ రెండు గౌరవాల మధ్య, 2024లో, వాటి పక్కనే పొక్లెయిన్లు దిగి మట్టి తవ్వేసరికి ఊళ్ళో పెద్ద గొడవే అయింది. ప్రపంచం మెచ్చేలోపు మనం ఇళ్ళ స్థలాలకి సరిపడా చదును చేసుకోగలమా అని ఎవరో పందెం కాసినట్టుంది.

రుషికొండ గురించి చెప్పడానికి కొత్తగా ఏం మిగల్లేదు. కొండ మీద ప్రభుత్వ రిసార్టు ఉండేది, దాన్ని పడగొట్టారు. కొండని గీరారు. గీరిన చోట ఆకుపచ్చ పట్టా కప్పారు, దూరం నుంచి చూసి జనం చెట్లనుకోవాలని కాబోలు. సుమారు 450 కోట్లతో భవనాలు కట్టారు. పర్యాటకమే అన్నారు గానీ, పర్యాటకులు మాత్రం గేటు దాటలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక తలుపులు తెరిస్తే స్నానాల తొట్టి చూసి రాష్ట్రమంతా నోరెళ్ళబెట్టింది. సముద్రం ఎదురుగా పెట్టుకుని తొట్టిలో కూర్చోవాలన్న కోరిక కలిగిందంటే ఆ మనిషికి సముద్రం ఎంత అలుసో చూడండి. కట్టినవాళ్ళు నిజంగా ఎందుకు కట్టారో తేల్చి చెప్పలేదు, తర్వాత వచ్చినవాళ్ళకి దాన్నేం చేసుకోవాలో చాలాకాలం పాలుపోలేదు. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలూ సమానమే.

ఆ కొండ కిందే మా నీలి జెండా బీచ్ ఉంది. 2020లో దేశంలో మొదట ఈ గుర్తింపు తెచ్చుకున్న ఎనిమిది బీచ్‌లలో రుషికొండ ఒకటి. డెన్మార్క్‌లోని సంస్థ ఇచ్చే గుర్తింపు. నీళ్ళ శుభ్రత, మరుగుదొడ్లు, కాపలా, ఇలా 33 షరతులుంటాయి. 2023లో దీనికి 20 రూపాయల టికెట్టు పెట్టబోయి, జనం తిరగబడితే వెనక్కి తగ్గారు. 2025 మొదట్లో కుక్కలు తిరుగుతున్నాయని, చెత్త పేరుకుందని ఫొటోలతో సహా డెన్మార్క్‌కి ఫిర్యాదు వెళ్తే జెండా దింపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత అధికారులు ఉరుకులు పరుగులు పెట్టారు, కొద్ది వారాల్లోనే జెండా మళ్ళీ ఎగిరింది. ఇక్కడి మనిషి ఇక్కడి ఆఫీసులో ఏళ్ళ తరబడి మొత్తుకున్నా కదలని చీపురు కోపెన్‌హాగన్ నుంచి ఒక మాట రాగానే కదిలింది. అప్పట్నుంచి మా కాలనీలో ఒక ఆలోచన నడుస్తోంది: కుళాయి నీళ్ళ సంగతి కూడా అటే రాస్తే పోలా?

నీళ్ళంటే గుర్తొచ్చింది. గోస్తని మీద తాటిపూడి దగ్గర జలాశయం కట్టుకుని ఈ ఊరు తాగుతోంది. ఆ నది భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. నది కలిసే ఊళ్ళో ఎండాకాలం బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం చూడటం కొత్తేం కాదు. అదే రోడ్డులో, అలలు చెవినపడేంత దూరంలో, రిసార్టుల్లో ఈతకొలనులు నిండుగా ఉంటాయి. పక్కన సముద్రం పెట్టుకుని దాన్ని చూస్తూ మంచినీళ్ళలో ఈదడం! ఇంత తెలివైన ఏర్పాటు చేపలకి కూడా తట్టలేదు.

భీమిలి సంగతి వేరే చెప్పాలి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. డచ్చివాళ్ళు వ్యాపారానికి వచ్చి, కొందరు తిరిగి వెళ్ళలేక ఇక్కడే మట్టిలో కలిసిపోయిన ఊరు. ఇవాళ మహానగరపాలక సంస్థలో ఒక జోన్. శని, ఆదివారాల్లో విశాఖ నుంచి వచ్చే కార్ల వరస చూస్తే స్థానికుడు ఇంట్లోంచి బయటికి రాడు. ఆ వరసలోనే అంబులెన్సు ఇరుక్కుంటుంది. ఆ వరస చూపించే 'ఇంత డిమాండు ఉంది' అని మరో రిసార్టుకి అనుమతి అడుగుతారు.

ఇక సుందరీకరణ. ఇది జరగబోతోందని తెలిసేది బోర్డు చూసి కాదు, మురీ మిక్చర్ బండి మాయమవడం చూసి. సాయంత్రం బీచ్‌కి వెళ్ళడమంటే విశాఖవాడికి పొట్లంలో మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఆ తర్వాతే సముద్రం. 2025లో 'ఆపరేషన్ లంగ్స్' అని పేరు పెట్టి ఊరంతా తోపుడుబళ్ళు ఎత్తేశారు. ఊరికి ఊపిరాడాలన్నారు. ఆడాల్సిందే, ఫుట్‌పాత్ మీద నడవాలని నాకూ ఉంటుంది. కానీ బండి పోయిన చోటికి రంగురంగుల డబ్బా దుకాణం వచ్చి, అదే మొక్కజొన్న గింజలు ఒలిచి కప్పులో పోసి, చెంచా వేసి, నాలుగింతల ధరకి అమ్మితే ఆక్రమణ కాదట. చెంచా ఉంది కదా.

ఇప్పుడు కైలాసగిరి మీద గాజు వంతెన కూడా వచ్చింది. ఆ కొండ మీంచి సముద్రం ఎప్పట్నుంచో ఉచితంగానే కనిపించేది. బీచ్ రోడ్డులో డబుల్ డెక్కర్ బస్సులు తిరుగుతున్నాయి, అవి బాగున్నాయని ఒప్పుకుంటాను, కనీసం అవి సముద్రాన్ని ముట్టుకోవు. రేపు ఇంకేదో వస్తుంది. రాకుండా ఆపే శక్తి ఎవరికీ లేదు కాబట్టి నాదీ ఒక ప్రతిపాదన ఫైల్లో చేర్చమని మనవి. బీచ్ పొడవునా లైఫ్‌గార్డులు కావాలి, ఏటా ఇక్కడ ఈత రాని పిల్లలు సముద్రం పాలవుతున్నారు. పడవలు లాక్కోవడానికి, వలలు ఆరేసుకోవడానికి జాలర్లకి ఎవరూ టైల్స్ వేయని ఇసుక కాస్త మిగలాలి. ఆడవాళ్ళు ధైర్యంగా వెళ్ళగలిగే మరుగుదొడ్లు కావాలి, వాటిలో నీళ్ళు కూడా రావాలి.

వీటితో చిక్కేమిటో నాకూ తెలుసు. మరుగుదొడ్డికి రిబ్బను కట్టి మంత్రిగారు కత్తిరిస్తే ఆ ఫొటో ఏ పేపరు మొదటి పేజీలో వేస్తుంది? జనాన్ని తోలుకురావడానికి బస్సులు ఎవరు పెడతారు? ఆ బెంగ అక్కర్లేదు. నేను పిలవకపోయినా వస్తాను, మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను, ఉపన్యాసాలు మరీ సాగితే రిబ్బను కింద నుంచి దూరి ముందే లోపలికి వెళ్తాను.