ఆదివారం ట్యాంకు, బుధవారం నిశ్చింత

నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ ఫిష్ జంట, అది ఒళ్లు రుద్దుకుంటూ తిరిగే ఎనిమోన్ అనే సముద్ర జీవి. ఈ రెండూ హాల్లో ఉంటే వచ్చిన చుట్టాలు టీవీ వైపు చూడరు. వీటిని పెంచడం కష్టమని భయపెట్టేవాళ్లు ఊరంతా ఉన్నారు. కష్టమంతా పెంచుతూ పోవడంలోనే ఉంది. తెచ్చి, ఫోటో తీసి, చేతులు దులుపుకోవడం ఎవరికైనా సాధ్యమే. కింద చెప్పినవి వరుస తప్పకుండా చెయ్యండి.

1. ముందు పిల్లలకు ‘ఫైండింగ్ నీమో’ చూపించండి. 2003 నాటి సినిమా, ఇప్పటికీ పనిచేస్తుంది. రాత్రి చూపిస్తే పొద్దున్నే నీమో కావాలని గొడవ మొదలుపెడతారు. రెండుసార్లు వద్దనండి, మూడోసారి ఒప్పుకోండి. రేపు ఏం జరిగినా "మీరే కదా అడిగారు" అనడానికి వీలుంటుంది. ట్యాంకు కంటే ముందు నెపం సిద్ధంగా ఉండాలి. చాలామంది ఇక్కడే అశ్రద్ధ చేస్తారు.

2. చిన్న ట్యాంకు కొనండి. నీళ్లు ఎక్కువుంటే పాడవడానికి రోజులు పడుతుంది. ఇరవై లీటర్ల డబ్బా ఒక్క రాత్రిలో తేల్చేస్తుంది.

3. ఏదీ కుదురుకోనివ్వకండి. చేపల నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అవి ట్యాంకులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. ఎనిమోన్ తేవాలంటే ఆరు నెలలో ఏడాదో నడిచిన ట్యాంకు ఉండాలి. అన్నాళ్లూ రాళ్లూ నీళ్లూ చూపిస్తే అపార్ట్‌మెంట్‌లో మీ పరువేం కావాలి? నేరుగా షాపుకెళ్లండి. "ట్యాంకు పెట్టి ఎన్నాళ్లయింది సార్?" అని షాపతను అడుగుతాడు. "ఏడాది దాటింది" అనండి. ఆ ఊపులోనే చేప ఎంతని అడగండి. ఇక రెండో ప్రశ్న రాదు.

4. నీళ్ల కోసం డబ్బు తగలేయకండి. ఆర్వో డీఐ నీళ్లు పట్టి, మెరైన్ సాల్ట్ లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలిపి, రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 వచ్చిందా లేదా అని ఒంటికన్నుతో చూసే ఓపిక మీకెందుకు? వైజాగ్‌లో బావమరిది ఉంటే ఆర్కే బీచ్‌లో రెండు క్యాన్లు నింపి రాత్రి బస్సులో వెయ్యమనండి. ఒడ్డునే ముంచమనండి, లోపలికి వెళితే అతని ప్యాంటు తడుస్తుంది. ఊరి మురుగు ఏమైనా కలిసినా మీకు నష్టం లేదు. "అసలు సముద్రపు నీళ్లే పోశాం, ఇంకేం చెయ్యమంటారు?" అంటే ఎవరూ నోరెత్తలేరు. అలాంటి బావమరిది లేనివాళ్లు బోరు నీళ్లలో వంటింటి ఉప్పు కలపండి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే సరిపోయిందో లేదో తెలుస్తుంది.

ఎండాకాలంలో నీటి మట్టం తగ్గుతుంది. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి పోయాల్సింది మంచినీళ్లు. మీరు ఉప్పునీళ్లే పోయండి. వారం వారం పోయండి. చిల్లర్ మాట ఎత్తకండి. 26 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నీరు 33కి ఎక్కిందని ఎవరైనా అంటే, "2016లో ఆస్ట్రేలియాలో అంతటి గ్రేట్ బారియర్ రీఫే వేడికి తెల్లబడింది, మన డబ్బా ఎంత?" అనండి. ఆస్ట్రేలియా పేరు వినగానే మాట మళ్లుతుంది.

5. ఎనిమోన్‌ను బేరం చూసి ఎంచుకోండి. ఇది అన్నిటికంటే ముఖ్యం కనుక నిదానంగా చదవండి. ఆరోగ్యంగా ఉన్నది నోరు బిగించుకుని ఉంటుంది. పాదం రాయికి అంటుకుని లాగినా రాదు. దాని కొసలను తాకితే వేలికి జిగురుగా పట్టుకుంటాయి. అలాంటిదానికి ధర తగ్గించరు. షాపు వెనక టబ్బులో చూడండి. అక్కడ ఒకటి రాయిని వదిలేసి పక్కకు ఒరిగి, నోరు వేలు దూరేంత తెరుచుకుని, లోపలి పొరలు బయటికి వేలాడేసుకుని ఉంటుంది. పాదం మీద చిన్న చిరుగు కనిపిస్తుంది. అదే ఇమ్మనండి. చిరుగును వేలితో చూపిస్తూ అడిగితే ఇంకా తగ్గుతుంది.

తెల్లది దొరికితే వదలకండి. ఎనిమోన్ ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. గోధుమ రంగు వాటిదే, వెలుతురుతో తిండి తయారుచేసి పెట్టేదీ అవే. అవి పోయినప్పుడు ఎనిమోన్ పాలిపోయి, లోపల ఆకలితో ఉంటుంది. ఫోటోలో మాత్రం అదే బాగా వస్తుంది. ‘రేర్ వైట్’ అని స్టేటస్ పెట్టండి.

కొత్తవాళ్ల ఇళ్లలో కాస్త నిలబడేది బబుల్ టిప్. కాబట్టి అది వద్దు. పెద్దది కావాలంటే కార్పెట్ ఎనిమోన్ తెచ్చుకోండి. దగ్గరికొచ్చిన ఇతర చేపలను పట్టి మింగేస్తుంది, వాటి మేత ఖర్చు మీకు కలిసివస్తుంది.

6. రీఫ్ లైటు కొనకండి. హాల్లో ట్యూబ్ లైటు ఉంది కదా. పైన చెప్పిన శైవలాలకు అది చాలదు. ఏ రంగు ఎనిమోన్ తెచ్చినా కొన్నాళ్లకు దానంతటదే రేర్ వైట్ అవుతుంది.

7. హేచరీ చేపలు వద్దు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్‌లను హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో తయారుచేసింది. అక్కడ పుట్టినవి పెల్లెట్లకు అలవాటుపడి ఉంటాయి. బాగా చూసుకుంటే క్లౌన్ ఫిష్ ఇరవై ఏళ్లు కూడా బతుకుతుంది. పిల్లాడి చదువూ పెళ్లీ అయిపోయాక కూడా మేపుతూ కూర్చుంటారా? పైగా ఎనిమోన్‌ను ఎన్నడూ చూడని చేప దాని దగ్గరికి వెళ్లడానికి వారాలు, నెలలు పట్టొచ్చు, అసలు వెళ్లకపోనూవచ్చు. అప్పుడు పప్పు గరిటెతో నెట్టండి.

8. జంటతో ఆగకండి, ఆరు కొనండి. క్లౌన్ ఫిష్‌లన్నీ మగవిగానే ఎదుగుతాయి. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతిది జోడీ కడుతుంది, మిగతావి అణిగిమణిగి ఉంటాయి. మీ డబ్బాలో అణగడానికి చోటుండదు కాబట్టి పెద్దది మిగతావాటి రెక్కలు కొరుకుతూ మూలమూలకూ తరుముతుంది. చూసినవాళ్లకు ఆడుకుంటున్నాయని చెప్పండి. ఆరు కాస్తా రెండవడానికి మీరు వేలు కదపక్కర్లేదు.

9. వేవ్‌మేకర్ ఫ్యానుకు స్పాంజి తొడగకండి. ఎనిమోన్‌కు చోటు నచ్చకపోతే పాదం ఊడదీసుకుని నడుస్తుంది, తిరిగి తిరిగి ఫ్యాను దగ్గరికి చేరుతుంది. స్పాంజి ఉంటే అది బతికిపోతుంది, ఆ స్పాంజిని మీరు అస్తమానం కడగాలి. లేకపోతే తెల్లారేసరికి ఎనిమోన్ ముక్కలై ట్యాంకంతా సమానంగా పరుచుకుంటుంది.

10. ఎనిమోన్‌కు రొయ్యను కొయ్యకుండా వెయ్యండి. చిన్న ముక్కలు చేస్తే అరిగించుకుంటుంది. పెద్ద రొయ్యను మింగి, మర్నాడు జిగురుతో కలిపి కక్కేస్తుంది. కక్కినదాన్ని తియ్యకండి. మిగిలిపోయినది తినాలని పిల్లలకు చెబుతాం కదా.

11. చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల మచ్చలు వస్తే రాగి మందు పోయండి. చేపలను వేరే ట్యాంకుకు మార్చి వైద్యం చెయ్యాలంటారు, ఎందుకంటే రాగి ఎనిమోన్‌ను చంపుతుంది. వేరే ట్యాంకు అంటే వేరే ఫిల్టరు, వేరే హీటరు. అంతా ఒకే డబ్బాలో పోసేస్తే మచ్చల సమస్యా, ఎనిమోన్ సమస్యా ఒకే సీసాతో తీరతాయి.

12. బుధవారం నాటికి నీళ్లు తెల్లగా చిక్కబడతాయి. ఎనిమోన్ కరిగి గోధుమ రంగు జిగురు కారుతుంది. మూత తీస్తే వచ్చే వాసనకు వంటింట్లోవాళ్లు కూడా బయటికి వస్తారు. అప్పుడే చేయి పెట్టి తీసెయ్యాలి, లేదంటే దాన్నుంచి వచ్చే అమ్మోనియాకు చేపలు కూడా పోతాయి. మీరు ఆఫీసుకు వెళ్లండి. సాయంత్రం వచ్చేసరికి అంతా ఒకేసారి అయిపోతుంది.

ఎవరికి ఏం చెప్పాలో ముందే పంచుకోండి. పిల్లలకు: సముద్రంలోకి వెళ్లిపోయింది. ఇంట్లో ఆవిడకు: కరెంటు పోయింది. తోడల్లుడికి: షాపువాడు మోసం చేశాడు. షాపువాడికి: ఏడాదిగా నడుస్తున్న ట్యాంకు, ఇలా ఎన్నడూ జరగలేదు. ఈ నలుగురినీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి.

13. మిగిలిన సామాను అమ్మెయ్యండి. ప్రకటనలో ‘ట్రాన్స్‌ఫర్ వల్ల’ అని రాయండి, ఆదివారం తీసిన ఫోటో పెట్టండి. రాగి మందు రాళ్లలోకీ ఇసుకలోకీ ఇంకిపోయి తర్వాత నెమ్మదిగా నీళ్లలోకి దిగుతూ ఉంటుంది, అందుకని రాళ్లతో సహా ఒకే ధర చెప్పండి. తెలిసినవాడైతే "ఇందులో ఎప్పుడైనా కాపర్ వాడారా అండీ?" అని అడుగుతాడు. "కాపర్ అంటే ఏమిటండీ?" అని అడగండి.