ఒక్క పాయింటు, వందేళ్ల కుట్ర

ప్రపంచంలో ఇంతవరకూ ఓడిపోని జట్టు ఒక్కటే ఉంది. అది న్యూజిలాండ్ రగ్బీ జట్టు. నల్ల చొక్కాలు తొడుక్కుని, హాకా నృత్యం చేసి, ఎదుటివాళ్లను సగం బెదరగొట్టాక గానీ బంతి ముట్టని ఆల్ బ్లాక్స్. స్కోరు పుస్తకాల్లో వాళ్ల పేరు పక్కన అప్పుడప్పుడూ చిన్న అంకె కనపడుతుంది, కాదనం. దాన్ని ఓటమి అనుకునేవాళ్లు పామరులు. సంగతి తెలిసిన అభిమానిని అడిగి చూడండి. 1905లో ఓడించింది రిఫరీ కళ్లు. 1995లో హోటల్ భోజనం. 2007లో మళ్లీ రిఫరీ కళ్లు. 2023లో రిఫరీ కళ్లు చాలక టీవీ కళ్లు కూడా. ఎదుటి జట్టుదేముంది పాపం, ఊరికే అక్కడ నిలబడి కప్పు పట్టుకుపోయింది.

ఈ పురాణంలో తాజా కాండ 2023 అక్టోబర్ 28 రాత్రి, పారిస్ శివార్లలోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో జరిగింది. ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికా 12, న్యూజిలాండ్ 11. న్యూజిలాండ్‌లో అది ఆదివారం పొద్దు. ఎనిమిదింటికి ఆట మొదలైనప్పుడు ఆ దేశంలో ఉన్నది మామూలు ప్రేక్షకులు. ఆట ముగిసేసరికి అందరూ రగ్బీ ధర్మశాస్త్రంలో మహామహోపాధ్యాయులైపోయారు. ఏ నిబంధన ఎన్నో పేజీలో ఉందో, టీవీ రిఫరీ ఎంత వెనక్కి వెళ్లొచ్చో, తల ఎత్తు ఎంతుంటే ఏ రంగు కార్డో తడుముకోకుండా చెప్పేశారు. ఇంతటి విద్యావ్యాప్తి ఏ ప్రభుత్వమూ సాధించలేదు. దీన్ని సాధించింది ఒకే ఒక్క పాయింటు.

అభియోగపత్రంలో ముఖ్యమైనవి రెండు. మొదటిది కార్డుల వివక్ష. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ భుజం జెస్సీ క్రీల్ తలకు తగిలితే ముందు పసుపు కార్డు, కాసేపటికి అదే ఎరుపు అయింది. పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో ఎర్రకార్డుతో బయటికి వెళ్లిన మొదటి ఆటగాడు ఆయనే. రెండో సగంలో దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలిసి తల ఆర్డీ సవేయా తలకు తగిలితే ఆ పసుపు పసుపుగానే ఉండిపోయింది. రెండో అభియోగం దొంగిలించిన ట్రై. ఆరన్ స్మిత్ గీత దాటి బంతి పెట్టి ట్రై కొట్టాడు, దేశమంతా ఎగిరింది. అంతలో టీవీ రిఫరీ టామ్ ఫోలీ అంతకుముందెప్పుడో, బయటికి పోయిన బంతిని తిరిగి ఆటలోకి విసిరే లైనవుట్‌లో, బంతి సవేయా చేతికి తగిలి ముందుకు పడిన సంగతి బయటపెట్టాడు. ట్రై రద్దు. అంత వెనక్కి వెళ్లి చూసే హక్కు ఆయనకు లేదని, రెండు దశల దాకానే నిబంధన ఒప్పుకుంటుందని అభిమాని వాదన.

రెండో వాదనలో పస ఉంది. నిబంధన హద్దు దాటిన మాట వాస్తవమే. బంతి ముందుకు పడిన మాటా అంతే వాస్తవం. తప్పు జరగలేదని అభిమాని అనడు, దాన్ని చూసే హక్కు లేదంటాడు. గోడ దూకినవాణ్ని పట్టుకున్న కానిస్టేబుల్‌ను "నీకు ఈ వీధిలో డ్యూటీ లేదు కదా" అని నిలదీసినట్టుంది వరస.

ఇక అన్నిటికీ మూలపురుషుడిగా తేలినవాడు రిఫరీ వేన్ బార్న్స్. ఆయన కేన్‌కు చూపించింది పసుపు కార్డే. దాన్ని ఎరుపు చేసింది బంకర్ అని పిలిచే గదిలో తెరల ముందు కూర్చున్న అధికారి. కొలిసి కార్డును పసుపుగా ఉంచిందీ ఆ బంకరే. బంతి ముందుకు పడటం, అదే నాకాన్, పట్టుకున్నది ఫోలీ. అయితే బంకర్‌ను తిట్టడం కష్టం, దానికి ముఖం లేదు. బార్న్స్‌కు ముఖం ఉంది. పైగా పాత ఖాతా ఉంది.

ఆ ఖాతా 2007లో కార్డిఫ్‌లో తెరిచారు. క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ 20, న్యూజిలాండ్ 18. ఫ్రాన్స్ ఆఖరి ట్రైకి ముందు బంతిని ముందుకు విసిరారు, 28 ఏళ్ల బార్న్స్ అది చూడలేదు. ఆ పాస్ సంగతి న్యూజిలాండ్‌లో తెలియనివాళ్లు లేరు. చివరి నిమిషాల్లో గోల్‌పోస్టుల దిక్కున తిష్ఠ వేసి కూడా వాళ్ల జట్టు ఒక డ్రాప్ గోల్‌కు తిన్నగా ఏర్పాటు చేసుకోలేకపోయిన సంగతి మాత్రం అంత బాగా ప్రచారం కాలేదు. కోచ్ గ్రాహం హెన్రీ 2012లో తన పుస్తకంలో, ఆ ఆట టేపు చూశాక మ్యాచ్ ఫిక్సింగ్ ఆలోచన కూడా వచ్చిందని రాసుకున్నారు. అప్పటికి ఏడాది ముందే ఆయన ప్రపంచకప్ గెలిచి ఉన్నారు. గెలిచాక కూడా తీరని దుఃఖమంటే అది ఏ స్థాయిదో ఊహించుకోండి.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1995లో జొహానెస్‌బర్గ్ ఫైనల్లో అదనపు సమయంలో జోయెల్ స్ట్రాన్‌స్కీ డ్రాప్ గోల్ కొట్టాడు. దక్షిణాఫ్రికా 15, న్యూజిలాండ్ 12. ఆటకు ముందు ఆల్ బ్లాక్స్‌లో చాలామందికి కడుపు చెడిందన్నది నిజం. సూజీ అనే హోటల్ మనిషి విషం కలిపిందన్నది కథ. ఆ సూజీని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు, రుజువూ దొరకలేదు. అయితేనేం, మామూలు సమయం ముగుస్తుండగా ఆండ్రూ మెర్టెన్స్ తప్పిన డ్రాప్ గోల్ కన్నా సూజీయే జనానికి బాగా గుర్తు. అంతకన్నా పాతది 1905 డిసెంబర్. అప్పటి విదేశీ పర్యటనలో ఆడిన 35 ఆటల్లో న్యూజిలాండ్ ఓడింది ఒక్కటే, కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో, 3-0తో. బాబ్ డీన్స్ గీత దాటి బంతి పెట్టాడా, గీత ముందే పట్టుకుని వెనక్కి లాగారా? పెట్టానని డీన్స్ పత్రికకు టెలిగ్రాం ఇచ్చాడు. పాపం 1908లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. ఆ ట్రై మాత్రం ఇంకా బతికే ఉంది. 34 విజయాల గురించి ఎవరికీ టెలిగ్రాం అవసరపడలేదు.

ఈ చరిత్రలో ఒక సూత్రం ఉంది. పెద్ద తేడాతో ఓడితే తప్పు కోచ్‌ది, చిన్న తేడాతో ఓడితే తప్పు రిఫరీది. 1999 సెమీఫైనల్లో 24-10 ఆధిక్యంలో ఉండి ఫ్రాన్స్ చేతిలో 43-31తో చిత్తయ్యారు. కుట్ర కథకు చోటు లేకపోయింది. కోచ్ జాన్ హార్ట్ రాజీనామా చేసినా కోపం చల్లారలేదు. ఆయన గుర్రం పందేనికి వస్తే దాన్ని కూడా గేలి చేశారు. ఆ గుర్రం డిఫెన్స్‌లో ఏం లోపం చేసిందో నేటికీ తెలియదు. 2022లో ఇయన్ ఫోస్టర్ శిక్షణలో జట్టు సొంతగడ్డ మీద ఐర్లాండ్‌కు సిరీస్, అర్జెంటీనాకు ఒక ఆట ఇచ్చేస్తే, ఆయన్ను సాగనంపమని దేశం గోల పెట్టింది. 2023 మార్చికల్లా వారసుడి పేరు ప్రకటించేశారు. ఆగస్టులో దక్షిణాఫ్రికా 35-7తో ఉతికింది. అదే దక్షిణాఫ్రికా అక్టోబర్‌లో ఒక్క పాయింటుతో గెలవగానే ఫోస్టర్ వీరుడైపోయాడు, బార్న్స్ విలన్ అయ్యాడు. ఈ రెండు లెక్కల్లోనూ కనపడనిది ఒక్కటే. అవతల మరో పదిహేను మంది కూడా ఆడుతున్నారన్న సంగతి.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. రెండో సగంలో దక్షిణాఫ్రికా ఒక్క పాయింటు కూడా చేయలేదు. వాళ్ల 12 పాయింట్లూ హాంద్రే పొలార్డ్ మొదటి సగంలో కొట్టిన నాలుగు పెనాల్టీలు. పద్నాలుగు మందితో ఆడుతూ న్యూజిలాండ్ 58వ నిమిషంలో బోడెన్ బారెట్ ట్రైతో 11కి చేరింది. ఆ ట్రై మీద రిచీ మొవుంగా కన్వర్షన్ తప్పాడు. పడి ఉంటే రెండు పాయింట్లు, ఆధిక్యం వాళ్లదే. 73వ నిమిషంలో జోర్డీ బారెట్ దూరం నుంచి పెనాల్టీ తప్పాడు. పడి ఉంటే మూడు, మళ్లీ ఆధిక్యం వాళ్లదే. రెండూ కష్టమైన కిక్కులే, తప్పడం నేరం కాదు. నేరం కాదని అభిమానికీ తెలుసు, అందుకే వాటిని పెద్ద మనసుతో క్షమించాడు. చూపులో తేడా వచ్చిందన్న రిఫరీల విషయానికొచ్చేసరికి ఆ పెద్ద మనసు ఖర్చయిపోయింది. సొంతవాడి కాలికి క్షమ, పరాయివాడి కంటికి ఉరి. ఆడలేక మద్దెల ఓడు అనడం మనకు తెలుసు. బ్రహ్మాండంగా ఆడి కూడా మద్దెల ఓడు అనడం వీళ్లు కనిపెట్టారు.

బార్న్స్ పగబట్టాడనే సిద్ధాంతానికి ఒక చిక్కు ఉంది. ఫైనల్‌కు సరిగ్గా రెండు వారాల ముందు అదే మైదానంలో న్యూజిలాండ్, ఐర్లాండ్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. వరసగా 17 ఆటలు గెలిచి వచ్చిన ఐర్లాండ్ 28-24తో ఓడింది. చివర్లో ఐర్లాండ్ 37 దశల పాటు బంతి వదలకుండా గుద్దుకుంటూ వెళ్తే, ఆఖరికి పెనాల్టీ న్యూజిలాండ్‌కు దక్కింది. ఆ ఈల ఊదింది ఎవరనుకున్నారు? వేన్ బార్న్సే. ఆ రాత్రి ఐరిష్ అభిమానులు ఆయన్ను తిడుతుంటే న్యూజిలాండ్‌లో ఒక్కరూ నిబంధనల పుస్తకం తెరవలేదు. మర్నాడు ఫ్రాన్స్ 29-28తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడి, రిఫరీ బెన్ ఓకీఫ్ మీద విరుచుకుపడింది. వారం తిరగ్గానే సెమీఫైనల్లో ఆయన పేరు వినపడితే స్టేడియం హోరెత్తేలా గేలి చేశారు. ఓకీఫ్ ఏ దేశంవాడు? న్యూజిలాండ్. చదివింది డాక్టరీ, పని చేసింది కంటి వైద్యంలో. కంటి డాక్టర్‌నే గుడ్డివాడని తిట్టగలిగినవాళ్లకు మిగతావాళ్లొక లెక్కా?

2011లో ఆక్లండ్ ఫైనల్లో న్యూజిలాండ్ ఫ్రాన్స్ మీద 8-7తో గెలిచింది. అప్పుడు రిఫరీ క్రెయిగ్ జూబేర్ చివరి నిమిషాల్లో పెనాల్టీలు ఇవ్వలేదని ఫ్రెంచివాళ్లు మొత్తుకున్నారు. అప్పటి ఒక్క పాయింటుకు న్యూజిలాండ్‌లో పెట్టిన పేరు గుండె నిబ్బరం. ఇప్పటి ఒక్క పాయింటుకు పెట్టిన పేరు దోపిడీ.

ఇదంతా వీళ్ల రక్తంలోనే ఉందనుకుంటే పొరపాటు. 2019లో లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ గుర్తుందా? స్కోర్లు సమం, సూపర్ ఓవర్ సమం, బౌండరీల లెక్కలో ఇంగ్లండ్‌కు కప్పు. బెన్ స్టోక్స్ బ్యాటు తగిలి పోయిన బంతికి ఒక పరుగు ఎక్కువ ఇచ్చారని అంపైర్ కుమార్ ధర్మసేనే తర్వాత ఒప్పుకున్నారు. సున్నా తేడాతో, ఒప్పుకున్న పొరపాటుతో కప్పు పోయినా న్యూజిలాండ్ కెప్టెన్ కేన్ విలియమ్సన్ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు, ఆ దేశం మర్యాదను లోకమంతా మెచ్చుకుంది. అంటే నిబ్బరం వాళ్లకు చేతకానిది కాదు. ప్రాణం పెట్టని ఆటలో పెద్దమనిషి తరహా సులువుగా వస్తుంది, అంతే.

మనం పక్కన కూర్చుని పకపకలాడాల్సిన పని లేదు. 2008 సిడ్నీ టెస్టు తర్వాత అంపైర్ స్టీవ్ బక్నర్ దిష్టిబొమ్మలు తగలబెట్టిందీ, పెర్త్ టెస్టు నుంచి ఆయన్ను తప్పించేదాకా నిద్రపోనిదీ మన క్రికెట్ భక్తులే. ఇక ఆ రాత్రి కప్పెత్తిన దక్షిణాఫ్రికావాళ్లు సాధుసంతులనుకునేరు. 2021లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ చేతిలో మొదటి టెస్టు ఓడగానే వాళ్ల రగ్బీ డైరెక్టర్ రాసీ ఎరాస్మస్ రిఫరీ తప్పుల మీద గంట పైన నిడివి గల వీడియో తీసి నిషేధానికి గురయ్యారు. 2023లో మూడు నాకౌట్ ఆటలూ ఒక్కో పాయింటుతో గెలిచేసరికి ఆయనకు వీడియో తీసే తీరిక లేకపోయింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాతిది నవ్వు రాని కథ. 111 అంతర్జాతీయ ఆటలు నడిపి రికార్డు నెలకొల్పిన బార్న్స్ ఆ ఫైనల్‌తోనే ఈల పక్కన పెట్టారు. వెళ్తూ వెళ్తూ, ఆన్‌లైన్ తిట్లూ బెదిరింపులూ రిఫరీలకు నిత్యకృత్యమైపోయాయని చెప్పారు. ఆయన కుటుంబాన్ని కూడా వదల్లేదు. ఫోలీ అయితే ఆ ద్వేషం భరించలేక అంతర్జాతీయ బాధ్యతల నుంచే తప్పుకున్నారు. ఆ బెదిరింపులు ఏ దేశం నుంచి ఎన్ని వచ్చాయన్న ఆరా అనవసరం. ఎక్కడి నుంచి వచ్చినా రాసినవాడు తన పేరు అభిమాని అనే చెప్పుకుంటాడు.

ఇక మైదానంలో ఉన్నవాళ్లు ఏం చేశారు? ఎర్రకార్డు తిన్న శామ్ కేన్, ఈ బరువు తాను ఎప్పటికీ మోయాల్సిందేనని చెప్పాడు. బార్న్స్ మీదకు నెట్టలేదు, బంకర్ మీదకు నెట్టలేదు. ఒళ్లు హూనం చేసుకుని, ఎముకలు పణంగా పెట్టినవాడు తన వాటా తాను తీసుకున్నాడు. సోఫాలో కూర్చుని టోస్టు కొరికినవాడికి మాత్రం అన్యాయం జరిగిపోయింది.

అభిమాని మహాశయా, మీ దుఃఖం నిజమైనదే, ఒక్క పాయింటు దుఃఖం అన్నిటికన్నా గడుసుది. కావలసినంతసేపు ఏడవండి, ఆ నాకాన్ గురించి మనవల దాకా చెప్పుకోండి. ఈల ఊదినవాడి ఇంటికి మాత్రం ఉత్తరం రాయకండి. రేపు శనివారం మీ ఊరి పిల్లల ఆటకు రిఫరీగా నిలబడేందుకు ఎవరో ఒకరు రావాలి కదా. 2023 ఫైనల్లో దక్షిణాఫ్రికా గెలిచింది, న్యూజిలాండ్ ఓడింది. మీ కెప్టెన్ ఒప్పుకున్నాడు. మీరూ ఒప్పుకోండి.