ఎక్స్‌టెన్షన్ రాలేదు

ఎక్స్‌టెన్షన్ అనే మాటకి మన ఆఫీసుల్లో ఒకటే అర్థం. రిటైరయ్యే రోజు దండలు వేయించుకుని, శాలువా కప్పించుకుని, మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే కుర్చీలో కనిపించే పెద్ద సారుకి ప్రభుత్వం ఇచ్చేది. అది పనిచేయకుండా ఆగిపోయిందని నేనెన్నడూ వినలేదు. ఆగిపోయేదల్లా బ్రౌజరుకి మనం తగిలించుకున్న ఎక్స్‌టెన్షనే.

నాది తెలుగు టైపింగుది. ఇంగ్లీషు మీటలు నొక్కుతుంటే తెర మీద తెలుగు పడుతుంది. ఏడేళ్లుగా ఈ కాలమ్ దాని చలవే. మొన్న మంగళవారం రాత్రి బ్రౌజరు నన్ను అడక్కుండా కొత్త వెర్షన్ వేసుకుని పడుకుంది. బుధవారం పొద్దున్న ‘అమ్మ’ అని కొడితే ఏ, ఎమ్, ఎమ్, ఏ అంటూ నాలుగు ఇంగ్లీషక్షరాలు వరసగా నిలబడ్డాయి. పైన మూల ఉండే ఎర్ర బొమ్మ బూడిద రంగుకి తిరిగింది. నొక్కి చూస్తే, ‘ఈ ఎక్స్‌టెన్షన్‌కి ఇక మద్దతు లేదు’ అంది. అసెంబ్లీలో మద్దతు ఉపసంహరించుకునేవాళ్లు కూడా ముందు గవర్నరుగారికి ఒక ఉత్తరం ముక్క ఇస్తారు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్న మేనల్లుడికి ఫోన్ కొట్టాను.

“రీస్టార్ట్ చేశావా మావయ్యా?”

“చేశాన్రా.”

“తీసేసి మళ్లీ వేశావా?”

“తీసేశాను. మళ్లీ వేద్దామంటే అక్కడ లేదు.”

“అయ్యో, తీయకుండా ఉండాల్సింది! సర్లే, ఫిక్స్ వచ్చేదాకా ఆగు.”

“ఎప్పుడొస్తుంది?”

“వచ్చినప్పుడు వస్తుంది.”

ఈ జవాబుకి వాడికి నెల నెలా ఎంత ముడుతుందో నాకు తెలీదు. మా బస్టాండు ఎంక్వయిరీలో ఇదే మాట ఉచితంగా చెబుతారు.

వాడే ఓదార్పుగా ఫైర్‌ఫాక్స్ కథ చెప్పాడు. 2019 మే 4, శనివారం. మనకి తెల్లవారి కాఫీల వేళ. ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ల ఎక్స్‌టెన్షన్లు రాలిపోవడం మొదలైంది. ప్రకటనలు ఆపేవి, పాస్‌వర్డులు దాచేవి, తేడా లేదు. అన్నీ ఒక్కసారి పోయినా కొంత నయంగా ఉండేది. బ్రౌజరు సుమారు రోజుకొకసారి సంతకాలు సరిచూసుకుంటుంది కాబట్టి ఎవరి వంతు ఎప్పుడొస్తే వాళ్లవి అప్పుడు పోయాయి. పక్కవాడివి పోయి నీవి ఉన్నాయంటే అదృష్టం కాదు, నీ టోకెన్ నంబరు ఇంకా పిలవలేదంతే.

తీరా చూస్తే వైరస్ లేదు, హ్యాకరు లేడు. ఎక్స్‌టెన్షన్ మీద మొజిల్లా సంతకం ఉంటేనే ఫైర్‌ఫాక్స్ దాన్ని లోపలికి రానిస్తుంది. ఆ సంతకం చెల్లుతుందని చెప్పే సర్టిఫికెట్ ఒకటి మధ్యలో ఉంటుంది. దాని గడువు తీరిపోయింది. మార్చాల్సినవాళ్లు వేళకి మార్చలేదు.

వింటుంటే మా పక్కింటి రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు గుర్తొచ్చారు. ఏటా నవంబరులో ఆయన బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి. ఒక ఏడాది జ్వరంతో పడుకుని ఇవ్వలేదు. తర్వాత పెన్షన్ ఏదని వెళ్లి అడిగితే, కౌంటరులో కుర్రాడు తలెత్తి ఆయన్ని, తల దించి కంప్యూటర్ని చూసి, “సిస్టంలో మీరు లేరండీ” అన్నాడట. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే మూడు మైళ్లు నడుస్తారు. ఆ ఎక్స్‌టెన్షన్లూ అంతే. వాటి కోడ్‌లో ఒక్క అక్షరం చెడలేదు. కాగితం చచ్చిపోయిందంతే.

సరే, కొత్త కాగితం రాసిస్తే పోయేదిగా? దాన్ని రాయగల అసలు మూల సర్టిఫికెట్‌ని నెట్‌కి తగలనివ్వకుండా, ప్రత్యేకమైన పరికరంలో పెట్టి, భద్రమైన చోట దాచారు. దాచడం మంచిదే. పీటల మీద కూర్చున్నాక తాళిబొట్టు బీరువాలో ఉండిపోయిందని తెలిసినప్పుడే అసలు చిక్కు. ఒక ఇంజనీరు కారేసుకుని అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. మొదట తయారైన సర్టిఫికెట్లు సరిగ్గా కుదరలేదు. కుదరలేదని తేలడానికి ప్రతిసారీ గంటో రెండు గంటలో పరీక్షలు. మన పెళ్లిళ్లలో అయితే ఈపాటికి మొదటి బంతి లేచిపోయి ఉండేది.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఆ తర్వాతది. పన్నెండు గంటలు తిరక్కుండా మందు తయారైంది. దాన్ని ‘స్టడీస్’ అనే దారిలో పంపారు. జనం బ్రౌజరుని ఎలా వాడుతున్నారో చూడటానికి మొజిల్లా పెట్టుకున్న దారి అది. దాన్ని తెరవాలంటే మన వాడకం వివరాలు పంపడానికీ ఒప్పుకోవాలి. గోప్యత పిచ్చి ఉన్నవాళ్లంతా అది ఎప్పుడో మూసేశారు. ఎక్స్‌టెన్షన్లు ఎక్కువగా పెట్టుకునేదీ వాళ్లే! దొంగల భయంతో తలుపుకి నాలుగు తాళాలు వేసుకున్నవాడి తాళాలే ఊడిపోతే, బాగుచేసేవాడు వచ్చి, “కిటికీ తీసి ఉంచండి, అందులోంచే వస్తాను” అన్నట్టుంది. పైగా ఆ దారిలో బ్రౌజరు ఆరు గంటలకొకసారే తొంగి చూస్తుంది. జ్వరం మాత్రకి కూడా అదే లెక్క.

మే 5న ఆ మందుతోనే 66.0.4 అనే వెర్షన్ వచ్చింది. మేలు చేసినవాళ్లని మెచ్చుకోవాలి: అవసరానికి కిటికీ తెరిచినవాళ్ల సమాచారం వాడుకోబోమని, ఆ వారంలో వచ్చి పడ్డదంతా చెరిపేస్తామని మొజిల్లా ప్రకటించింది. ఎక్కడ తప్పు జరిగిందో పూసగుచ్చినట్టు రాసుకుంది కూడా. మన దగ్గరైతే విచారణ సంఘం వేసేవాళ్లు. దానికి రెండుసార్లు ఎక్స్‌టెన్షన్ ఇచ్చేవాళ్లు.

క్రోమ్ వాళ్లదింకో రకం. అక్కడ మరుపు లేదు, అంతా ముందుచూపే. మ్యానిఫెస్ట్ వీ3 అని కొత్త నిబంధనలు పెట్టి, 2024, 2025ల్లో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లని సాగనంపారు. అలా పోయినవాటిలో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఒకటి. దాన్ని తయారుచేసినవారే పల్చన చేసిన లైట్ రకం ఇచ్చారు. గూగుల్ చెప్పే కారణం భద్రత, వేగం. గూగుల్ ఆదాయంలో పెద్ద వాటా ప్రకటనలది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పడటం నా కలం దోషం.

నా గొడవ తేలలేదు. టైపింగ్ ఎక్స్‌టెన్షన్ చేసిన మహానుభావుడికి మెయిల్ పెట్టాను. ‘త్వరలో’ అని ఒక్క మాట జవాబొచ్చింది, అదీ ఇంగ్లీషులో. మేనల్లుడే మళ్లీ ఫోన్ చేసి, “ఆ ఫైర్‌ఫాక్స్ గొడవప్పుడు కొందరు కంప్యూటరు తేదీ వెనక్కి తిప్పి పని కానిచ్చుకున్నారు మావయ్యా” అన్నాడు. నేనూ వారం వెనక్కి తిప్పాను. టైపింగ్ రాలేదు. కరెంటు బిల్లు కడదామని సైటు తెరిస్తే, దాని సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదంటూ గుమ్మంలోనే ఆపేసింది. దాన్ని మొన్ననే మార్చి ఉంటారు. ఈ లోకంలో వేళకి సర్టిఫికెట్ మార్చేవాళ్లూ ఉన్నారని నాకు తెలిసింది అప్పుడే.

ఇక లాభం లేదని ఈ కాలమ్‌ని తెల్లకాగితం మీద పెన్నుతో రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. గంట తర్వాత సబ్ ఎడిటరుగారు జవాబిచ్చారు: “అందింది సార్. దస్తూరి చదవగలిగే ఆపరేటరు సెలవులో ఉన్నాడు. సోమవారం దాకా ఆగండి.”