నేను పేర్లు మార్చను

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో, తాండూరు నాపరాయి పరిచిన ఇరుకు దుకాణంలో బతుకుతున్న జిరాక్స్ మిషన్‌ని నేను. కాపీ కొట్టడమే నా కులవృత్తి. అయితే రాసినవాడి పేరు నా కాపీలోనూ రాసినట్టే ఉంటుంది. ఈపాటి నిజాయితీ మనుషులందరికీ అబ్బలేదు.

ఆధార్ కార్డులు, పహాణీ నకళ్లు నా రోజుకూలి. నాకిష్టమైనవి మాత్రం పరిశోధన పత్రాలు. ప్రమోషన్ ఫైలు కట్టుకునే లెక్చరర్లు కట్టలుగా తెస్తారు. ఆమధ్య తాండూరు నుంచి రైలు దిగి ఒక సారు వచ్చాడు. కంది పంట మీద పనిచేస్తాడట. ఆయన పత్రంలో ప్రతి పేజీకీ అడ్డంగా ‘రిట్రాక్టెడ్’ అని ఎర్రచ్చు. (నాకు ఎరుపైనా నలుపే.)

“ఏంది సార్, కొట్టేసిన్రా?” అన్నాడు మా ఓనరు.

“నేనే వాపస్ తీసుకున్న. రెండు ప్లాట్ల లెక్కలు తారుమారైనయి. ఎడిటర్‌కు నేనే రాసిన. కానీ కమిటీల ఆ నోటీసు ఎవరు చదువుతరన్నా? ఎర్రచ్చు చూసి దొంగ అనుకుంటరు.”

కాగితం ఇరుక్కుంటే లాగేస్తారు. ఆ మాట మాత్రం నాలోనే ఉండిపోయింది.

దొంగలు లేరని కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడి బండారం 2008లో ప్రపంచమంతా పాకింది. 2004–07 మధ్య 25 పత్రికల్లో వేయించిన 70కి పైగా వ్యాసాలు కాపీలో, కల్పనలో అని తేలింది. ఇక పరిశోధనకు గైడుగా ఉండరాదని విశ్వవిద్యాలయం నిషేధించింది. అది సబబే. ఇలాంటి చోట పత్రంలో పక్కన పేరు పడిన కుర్రాళ్ల బయోడేటాలకూ మసి అంటుతుంది, అదే బాధ.

మరి అమెరికాలో తప్పు ఒప్పుకున్న శాస్త్రవేత్త జెఫ్రీ చాంగ్? సొంత ప్రోగ్రాం రెండు నిలువు వరుసల అంకెలను తిరగేయడంతో ప్రొటీన్ల నిర్మాణమే తలకిందులైంది. 2006లో తప్పు బయటపడ్డాక అయిదు వ్యాసాలు వెనక్కి తీసుకున్నాడు, పరిశోధన మానలేదు. 2018లో నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2020 జనవరిలో ఒక వ్యాసాన్ని ఉపసంహరించుకుని, ఆ ఫలితాలు మళ్లీ రావడం లేదని చెప్పి క్షమాపణ కోరింది. తప్పు తామే బయటపెట్టినవాళ్ల పాత వ్యాసాలకు ఆదరణ తగ్గలేదని 2013 నాటి ఒక అధ్యయనం తేల్చింది కూడా.

నోబెల్ ఉన్నామె చెప్తే క్షమాపణ హుందాతనం. తాండూరు సారు చెప్తే రిమార్కు! యూజీసీ 2018 నిబంధనల్లో 60 శాతం దాటిన కాపీకి రెండు ఇంక్రిమెంట్లు కోత, మూడేళ్లు కొత్త స్కాలర్లు బంద్. దొంగకు శిక్ష రాసిపెట్టారు, దిద్దుకున్నవాడికి రక్షణ రాయలేదు. పైగా 2025 నుంచి కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో రిట్రాక్షన్లకు మార్కులు కోస్తున్నారు. ఇలాగైతే తప్పు కనపడ్డా గమ్మునుండమని కాలేజీలే చెప్తాయి.

సెలెక్షన్ కమిటీ పెద్దలారా! ఎవరు, ఎందుకు వెనక్కి తీసుకున్నారో ఆ నోటీసులోనే ఉంటుంది. చదివాకే సంతకం పెట్టండి. అక్షరాలు చిన్నవైతే పెద్దచ్చులో తీసిస్తాను. పేజీకి రెండు రూపాయలే.